చేటలోంచి పిడికెడు

గోదారి పాయలు ఎవరి మాటా వినని కాలంలో, కోడిపెట్టలకు కూడా మాటలొచ్చిన కాలంలో, ఏటి నడుమ ఒక లంక ఉండేది. లంకలో ఏడిళ్ళు. మెరక మీద తాటాకులు కప్పిన ప్రార్థన మందిరం ఒకటి.

ఆ ఏడిళ్ళ విశ్వాసులకు ఒక ఆచారం ఉంది. వంటకు తవ్వతో బియ్యం కొలిచి చేటలో పోశాక, ఆ చేటలోంచి పిడికెడు తీసి దేవుడి కుండలో వేయాలి. ఆదివారం కుండలన్నీ మందిరానికి చేరేవి. ఆ బియ్యం పొయ్యి వెలగని ఇంటికి వెళ్ళేది.

సువార్తమ్మ అలాగే తీసేది. ఆమె కూలి మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. ఆ ఇంట్లో ప్రతి పూటా ఒక ముద్ద తక్కువే.

ఫీబమ్మది బస్తాలున్న ఇల్లు. ఆమె చేట జోలికి పోయేది కాదు. నేరుగా బస్తాలో చెయ్యి పెట్టి పెద్ద పిడికెడు తీసేది. ఇంట్లో ఎవరి కంచంలోనూ ఒక్క మెతుకు తగ్గేది కాదు. ఆదివారం నిండు కుండ మాత్రం ఆమెదే. నీ కుండేంటే, పిచ్చుక తిని వదిలేసినట్టుంది, అని సువార్తమ్మని ఏడిపించేది. నీ చెయ్యి పెద్దది వదినా, అని సువార్తమ్మ నవ్వేసేది.

ఒక శ్రావణంలో వరద వచ్చింది. పడవ నడిపే జక్రయ్యకు పడవ పోయింది, గుడిసె పోయింది. అతని భార్య లేయమ్మ మందిరంలోనే ఆడపిల్లను కన్నది. బాలింతకు గంజి దొరికితేనే బిడ్డకు పాలు. వరద తీసేదాకా రోజూ ఇంటికో పిడికెడు తెమ్మని పాస్టరయ్యగారు గంట కొట్టి చెప్పారు.

ఫీబమ్మ బస్తాలన్నీ నీళ్ళలో నాని మురిగిపోయాయి. అటక మీది చిన్న మూట ఒక్కటే మిగిలింది. ఇక ఎంత తీసినా ఎవరో ఒకరి ముద్ద తగ్గాల్సిందే, తీస్తే చేటలోంచే తీయాలి.

మొదటి రోజు చేటలో చెయ్యి పెట్టింది. మొగుడి కంచం గుర్తొచ్చింది. చెయ్యి ఖాళీగా వచ్చేసింది.

రెండో రోజు పెట్టింది. మనవడి మొహం గుర్తొచ్చింది. మళ్ళీ ఖాళీయే.

మూడో రోజు పిడికిలి నిండింది గానీ, చేట అంచు దాటలేదు.

అటక మీద ముడుచుకు కూర్చున్న కోడిపెట్ట అంతా చూస్తూనే ఉంది.

"నీ చెయ్యి ఇన్నాళ్ళూ బస్తాలోకే వెళ్ళిందమ్మా. చేటలోంచి కుండలోకి దానికి దారి తెలీదు."

రేపు నిన్నే కోసి వండుతాను, అంది ఫీబమ్మ. వండుకో, నేనైనా నీ కంచంలోకేగా వచ్చేది, అంది కోడిపెట్ట.

ఆ మాట ముల్లులా దిగింది. ఇక మా ఇంటి మీద ఆశ పెట్టుకోవద్దని అయ్యగారితో చెప్పేద్దామని, ఫీబమ్మ మోకాలి లోతు నీళ్ళలో మందిరానికి నడిచింది.

అక్కడ సువార్తమ్మ గంజి కుండలో బియ్యం వేస్తోంది. రెండు పిడికిళ్ళు. ఒకటి మా ఇంటిది, ఒకటి ఫీబమ్మ వదిన పంపింది, అని లేయమ్మతో చెబుతోంది. మూడు రోజులుగా అలాగే చెబుతోంది.

ఫీబమ్మ ఆమెను పక్కకు లాగింది.

"నా పేరున నువ్వెందుకే వేస్తున్నావు? నువ్వేం తింటున్నావు?"

"గంజి నీళ్ళు తాగుతున్నాను వదినా. పన్నెండేళ్ళుగా రోజూ ఓ ముద్ద తగ్గించి చూశాను, ఎవరం చచ్చిపోలేదు." సువార్తమ్మ మెల్లగా అంది: "యేసయ్య తన దగ్గర మిగిలింది తీసి మనకివ్వలేదు కదా. తననే ఇచ్చుకున్నాడు."

ఫీబమ్మ వచ్చిన దారినే వెనక్కి తిరిగింది. ఇంటికెళ్ళి చేట ముందు కూర్చుంది. పిడికిలి బిగించింది. ఈసారి చెయ్యి అంచు దాటింది. రెండోసారీ దాటింది. ఒకటి తన ఇంటిది, ఒకటి సువార్తమ్మ ఇంటిది. ఆ పూట మొగుడికీ మనవడికీ వడ్డించి, తన కంచం బోర్లించింది.

కోడిపెట్ట కిందికి దిగి ఒక గుడ్డు పెట్టింది. ఇది లేయమ్మకి, అంది.

తొమ్మిదో రోజుకు నీరు తీసింది. జక్రయ్య కూతురి ఏడుపు అవతలి గట్టుకు వినిపించేంత గట్టిగా ఉంది.

ఆ తర్వాత ఫీబమ్మ ఇంట మళ్ళీ బస్తాలు నిండాయి. ఆదివారం ఆమె కుండ మాత్రం అందరి కుండల్లాగే ఉండేది. అది చేటలోంచి తీసిన బియ్యం మరి.

మిగిలింది ఇస్తే దానం, మన కంచంలోది తగ్గించి ఇస్తే త్యాగం. నిండుగా ఉన్న రోజుల్లోనే అది నేర్చుకున్న చెయ్యి వరదలోనూ తడబడదు.