పడమటి గోడ

ఆరు వందల ఇటుకలు తక్కువ పడ్డాయండీ కేశవులికి. లక్ష కాదు, పదివేలు కాదు, ఆరు వందలు. వాటి కోసం మూడు రోజులుగా ఆ మనిషికి అన్నం సయించడం లేదు.

ఎందుకో చెబుతాను, కాస్త దగ్గరికి జరగండి. కేశవులు ఇంజనీరు. దర్జీ సుంకన్న ఇల్లు పోయినేడు పెన్న వరదలో కూలిపోయింది. ముసలి తల్లి, భార్య, ఇద్దరు ఆడపిల్లలు, అందరికీ అప్పటినుంచి టార్పాలిన్ కిందే కాపురం. "ఇల్లు నేను కట్టిస్తాను" అన్నాడు కేశవులు. మంచి మాటే. అక్కడితో ఆగితే బాగుండేది. "కొత్త ఇటుక ఒక్కటీ వాడను. ఊళ్ళో కూల్చిన కట్టడాల్లో పారేసిన దానితోనే గడప నుంచి కప్పు దాకా కట్టి చూపిస్తాను" అని నలుగురిలో అనేశాడు.

ఇంటి బొమ్మ కూడా అద్భుతంగా గీశాడు. పాత బడి కిటికీలు, మూతపడ్డ సినిమాహాలు తలుపులు, నేలకు పగిలిన నాపరాళ్ళు. అన్నీ అమిరాయి. ఇటుకలే అమరలేదు. బజారులో కూల్చిన దుకాణాల శిథిలాలు తెచ్చాడా, అవన్నీ సిమెంటుతో కట్టినవి. గడ్డపార వేస్తే ఇటుక విరుగుతుంది గానీ సిమెంటు వదలదు. మూడింట రెండు వంతులు ముక్కలైపోయాయి. ఇంకోపక్క మృగశిర కార్తె వచ్చేసింది.

చివరికి తన గురువు దస్తగిరి తాత దగ్గరికి వెళ్ళాడు. తాత దూదేకులాయన. యాభై ఏళ్ళు గోడలు కట్టి, ఆ తర్వాత జపమాల పట్టుకున్నారు. ఆయన్ని మేస్త్రీ అని పిలిచేవాళ్ళున్నారు, పీరుసాబు అని పిలిచేవాళ్ళున్నారు. ఆయన రెండింటికీ పలికేవారు.

"కొత్తవి కొందామంటే నా మాట పోతుంది తాతా. ఆగుదామంటే వాన ఆగదు."

"నీ మాట పోతే ఎవరు తడుస్తారు నాయనా?"

కేశవులు తల దించుకున్నాడు. కానీ లోపలి పొంగు ఊరుకుంటుందా? "గోడలు మాత్రం గట్టిగా కడతాను తాతా. మూడు పాళ్ళ ఇసుకకు ఒక పాలు సిమెంటు. నా గోడలోంచి ఒక్క ఇటుక ఊడదీయమనండి ఎవడినైనా! గడ్డపారే వంగుతుంది."

తాత నవ్వలేదు, కోప్పడలేదు. "రేప్పొద్దున బండి తీసుకొని రా. సుంకన్నను కూడా రమ్మను" అన్నారు.

తెల్లారి వాళ్ళు వెళ్ళేసరికి తాత ఒక ముక్కాలిపీట ఎక్కి, తాపీ, చిన్న సుత్తి పట్టుకొని ఉన్నారు. ఆయన ఉండేది ఒక్క గది మిద్దె. దాని పడమటి గోడలో పై వరస అప్పటికే లేదు.

కేశవులు గబగబా పీట దగ్గరికి వెళ్ళాడు. "తాతా! ఇదేం పని?"

"నీకు తక్కువ పడ్డాయన్నావుగా."

"ఇది మీ ఇల్లు!"

"ఇల్లెక్కడికి పోతుందయ్యా? మిద్దె బరువంతా వేపస్తంభాల మీదుంది. ఈ గోడ ఊరికే నిలబడింది. మాట్లాడింది చాలు, అందుకో."

సున్నంతో కట్టిన గోడ అది. ఇటుకల సందులో తాపీ పెట్టి సుత్తితో టుక్కున తట్టారు. సున్నం నోరు తెరిచింది. పండిన సీతాఫలం తొడిమ వదిలినట్టు ఇటుక చేతిలోకి వచ్చేసింది. ఇంకోటి. ఇంకోటి. వందైనా ఒక్కటీ విరగలేదండీ. ఒక్క మూలా చిట్లలేదు!

సుంకన్న నోరెళ్ళబెట్టాడు. "సార్, ఇది కూల్చడం కాదు, కుట్టు విప్పడం. గుడ్డ చిరగకుండా విప్పుతున్నాడు మహానుభావుడు."

మధ్యాహ్నానికి కేశవులు తొట్టి పక్కన కూర్చుని ఇటుకలు కడుగుతున్నాడు. కడుగుతూ ఒకదాన్ని తిప్పి చూశాడు. ఒక పక్క తెల్లసున్నం. ఎదురు పక్క పచ్చరంగు. పొట్టి పక్కన వెలిసిపోయిన నీలం. ఇంకోటి చూశాడు, అదీ అంతే.

"ఈ రంగులేంటి తాతా?"

"నీలం ఎప్పటిదో దూదిమిల్లు గోడది. పచ్చది మా గురువు పీరుసాబు ఇంటిది. తెలుపు నాది."

"మరి ఈ నాలుగో పక్క?"

తాత దాన్ని ఎండలోకి తిప్పి చూశారు. "ఖాళీగానే ఉంది" అని మళ్ళీ చేతికిచ్చారు.

అంతే. కేశవులు ఆ ఇటుకను మళ్ళీ నాలుగు పక్కలా తిప్పి చూశాడు. చదివిన పుస్తకాల్లో ఇటుకకు కొలత ఉంది, బరువు ఉంది, బలం ఉంది. ఎందరి ఇళ్ళో దాటి వచ్చిన ప్రయాణికుణ్ణి ఒడిలో పెట్టుకొని కూర్చోవడం అతనికి అదే మొదలు. ఆ ఇటుకను కింద పెట్టడానికి కూడా చేయి రాలేదంటే నమ్మండి.

సాయంత్రానికి బండి నిండింది. తాత గది పడమట ఆకాశం కనబడుతోంది. కేశవులు ఒక తడిక తెచ్చి కట్టబోతే, "ముందు పిల్లల తల మీద కప్పు వెయ్యి, పో" అని తరిమేశారు. తడిక కట్టేదాకా కేశవులూ కదల్లేదనుకోండి.

కట్టుబడి దగ్గర మేస్త్రీ ఓబులేసు నీళ్ళు తోడుకొని సిద్ధంగా ఉన్నాడు. "సార్, సిమెంటు కలపనా?"

"వద్దు ఓబులేసూ. సున్నం తెప్పించు."

"సున్నమా! ఈ రోజుల్లో ఎవరు కడుతున్నారు సార్ సున్నంతో? ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఊడదీసుకుపోతాడు."

"అందుకే" అన్నాడు కేశవులు.

విరిగిన ముక్కలన్నీ దంచి పొడి చేసి సున్నంలో కలిపారు. ఆ పొడి పడితే సున్నం తడిలోనూ బిగుస్తుంది. సుంకన్న భార్య దంచింది, పిల్లలు జల్లించారు, ముసలమ్మ పక్కన కూర్చుని అందరినీ తిట్టింది. అల్లా దయ అనండి, ఏడుకొండలవాడి దయ అనండి, కట్టిన పద్దెనిమిది రోజులూ వాన ఆకాశంలోనే నిలబడి చూసింది.

పందొమ్మిదో రోజు సాయంత్రం పొయ్యి ముట్టించి, పాలు పొంగించారు. ఆ పాలు చల్లారకముందే పడమటి నుంచి దిగింది చూడండి వాన, కుండపోత! ముసలమ్మ కొత్తగోడకు అరచేయి ఆనించి అలాగే నిలబడిపోయింది. లోపల ఒక్క చుక్క లేదు.

ఆ చేతిని చూస్తుంటే కేశవులికి చటుక్కున ఏదో తట్టింది. చెప్పులు కూడా వేసుకోకుండా వానలో పరుగెత్తాడు.

తాత గదికి కట్టిన తడిక గాలికి కొట్టుకుపోయింది. దస్తగిరి తాత దుప్పటి కప్పుకొని స్తంభానికి ఆనుకుని ఉన్నారు. దుప్పటి సగం తడిసింది. వేళ్ళ మధ్య జపమాల మాత్రం కదులుతూనే ఉంది.

కేశవులు మెల్లగా లోపలికెళ్ళి, గోడ ఉండాల్సిన చోట, వానకు వీపు పెట్టి కూర్చున్నాడు. జల్లు చెళ్ళుచెళ్ళుమని వీపున కొడుతోంది. తాత మీద పడడం మానేసింది.

తాత కళ్ళెత్తి చూశారు.

"మా పీరుసాబు తన గోడ విప్పి నాకిచ్చిన ఏడు," అన్నారు, "నేనూ ఆయన గోడ చోట ఇలాగే కూర్చున్నాను."