ఒక్క కాసు పేరిందేవి

అనగా అనగా, మన తాతల తాతలు ఒళ్లో కూర్చుని ఊఁ కొట్టే రోజుల్లో, ఒక పెద్ద ఏటి ఒడ్డున కొంగలరేవు అనే ఊరుండేది. ఆ ఊళ్లో సూరిశెట్టి మిరియాల వర్తకుడు. భయమంటే ఆయనదే భయం! మబ్బు పడితే మిరియాలు తడుస్తాయని దిగులు. మబ్బు పట్టకపోతే ఏరు ఎండి పడవలు నడవవని దిగులు.

కొంగలరేవు వర్తకుల ఇళ్లలో ఒక ఆచారం ఉండేది. పిల్లలకు ఎనిమిదేళ్లు నిండగానే నడుముకు చిన్న సంచి కట్టి, ప్రతి సంతకూ ఐదు కాసులు ఇచ్చేవారు. ఏం కొన్నావని ఎవరూ అడగకూడదు. అయిపోతే మళ్లీ సంతదాకా ఎవరూ ఇవ్వకూడదు.

సూరిశెట్టికి ఒక్కగానొక్క కూతురు పేరిందేవి. తల్లి మంగాంబ ఆ పిల్లకు సంచి కట్టిన రోజే తండ్రి గుండెల్లో రాయి పడింది. కాసులు చాలకపోతే? నలుగురిలో చిన్నబుచ్చుకుని ఏడిస్తే?

అందుకని మొదటి సంత నాడు ఆయన ముందే వెళ్లి బొమ్మల అంగడివాడి చేతిలో గుప్పెడు కాసులు పోశాడు. "మా పిల్ల ఏది అడిగినా ఒక్క కాసే అని చెప్పు. తక్కినది ఇదుగో" అన్నాడు. రెండో సంత నాడు పూసల అంగడివాడికి పోశాడు. మూడో సంత నాడు మిఠాయి అంగడివాడికి పోశాడు. అంగళ్లవాళ్లకేం, కాదంటారా?

"నీకైతే ఒక్క కాసే తల్లీ!" అన్నారందరూ.

"ఐదు కాసులకు ఇంత సరుకు ఎలా వచ్చిందే?" అని తల్లి ఆశ్చర్యపోయింది.

"లోకంలో ఏదైనా ఒక్క కాసేనమ్మా!" అంది పేరిందేవి. పిల్ల పరాచికాలాడుతోందనుకుని తల్లి నవ్వేసింది. తండ్రి మాత్రం మిరియాల బస్తాల వెనక్కి తప్పుకున్నాడు.

వానాకాలం వచ్చింది. సూరిశెట్టికి జ్వరం తగిలి ఒళ్లు పెనంలా కాలిపోయింది. మంగాంబ ఆయన పక్కనుంచి కదల్లేక, కూతురికి ఐదు కాసులిచ్చి, "అవతలి ఒడ్డున వైద్యుడి దగ్గర మందు తీసుకుని చీకటి పడకముందే రా తల్లీ. మందుకూ పడవకూ ఇవి సరిపోతాయి" అని పంపింది.

కాసేపటికి రోగి కళ్లు తెరిచాడు. "పిల్లేది?"

మంగాంబ చెప్పింది. ఆయన అంత జ్వరంలోనూ లేచి కూర్చున్నాడు. "అయ్యో, ఎంత పని చేశావు! దానికి ధరలేవీ తెలియవే! తెలియకుండా చేసింది నేనే!" అని అంగళ్ల సంగతంతా బయటపెట్టాడు.

మంగాంబ గుమ్మంలోకి పరిగెత్తింది. బయట ఏటి హోరు పెరుగుతోంది.

ఆయన భయపడ్డట్టే జరిగింది. పోయేటప్పుడు పడవకు ఒక కాసు ఇచ్చి అవతలి ఒడ్డు దిగిన పేరిందేవికి నెమలీకల విసనకర్ర కనబడింది. 'మందుకు ఒకటి, వచ్చేటప్పుడు పడవకు ఒకటి. ఇంకా రెండు మిగులుతాయి. నాన్నకు విసరొచ్చు' అనుకుంది. అంగడివాడు రెండు కాసులంటే, నెమలీకలది గనుక దీనికొక్కదానికే కాబోలనుకుని ఆ రెండూ పెట్టి కొనేసింది. వైద్యుడి ముందు ఒక్క కాసు పెట్టింది.

"మూడు కాసులమ్మా" అన్నాడు వైద్యుడు.

పేరిందేవి పెట్టిన కాసు తీసుకుని సంచి విప్పి చూసుకుంది. అన్నీ కలిపి రెండే. ఒక్క పరుగున విసనకర్రల అంగడికి వెళ్లి, "ఇది తీసుకుని నా కాసులు నాకిచ్చెయ్యి" అని బతిమాలింది.

"అమ్మిన సరుకు తిరిగొస్తే ఒక్క కాసే ఇస్తాను" అన్నాడు వాడు.

ఏడిస్తే మందు రాదు. ఆ ఒక్కటీ తీసుకుని, మూడూ వైద్యుడికిచ్చి మందు తెచ్చుకుంది. రేవుకు వచ్చేసరికి చీకటి కమ్ముతోంది. సంచిలో ఏమీ లేదు.

"కాసు లేనిదే ఎక్కించను" అన్నాడు పడవవాడు.

ఏం చెయ్యాలో తోచక ఆ పిల్ల పడవలోకి చూసింది. అడుగున నీళ్లు ఊరుతున్నాయి. "మామా, అవతలి ఒడ్డుదాకా నీళ్లు తోడిపోస్తాను. ఎక్కించుకో" అంది.

పడవవాడు ఏటివంకా పిల్లవంకా చూసి చిప్ప అందించాడు. తోడినకొద్దీ నీళ్లు ఊరాయి. చేతులు పడిపోయినా పేరిందేవి ఆపలేదు. మందు పొట్లం మాత్రం జుట్టుముడిలో దోపుకుంది.

గుమ్మంలో తడిసి ముద్దయిన కూతుర్ని చూసి తల్లిదండ్రులిద్దరూ ఏడ్చేశారు. మందు పడింది. తెల్లారేసరికి జ్వరం దిగింది.

జరిగిందంతా చెప్పి పేరిందేవి, "నాన్నా, ఆ విసనకర్రలవాడు నాకు ఒక కాసు నష్టం చేశాడు" అంది.

సూరిశెట్టి చెయ్యి అలవాటుగా మొలలోని డబ్బు సంచి మీదికి పోయింది. మంగాంబ ఆయన వంక చూసింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వాడు చేసింది ఒక్క కాసు నష్టమే తల్లీ. అంగళ్లవాళ్లకు చాటుగా కాసులు పోసి నేను చేసిన నష్టానికి నిన్న నువ్వే పోయేదానివి" అన్నాడు.

పిల్లల చేతికి డబ్బు ఇస్తే సరిపోదు. అది అయిపోతే ఏమవుతుందో కూడా వాళ్లను తెలుసుకోనివ్వాలి.