గెలుపు పాట ఆగిన చోటు

మా అయ్యవారికి ఒక అలవాటు ఉండేది. ఎంత పెద్ద ప్రశ్న అడిగినా, అడిగినవాణ్ణి ముందు ఆశ్రమం వెనక వేరుశనగ చేలోకి తీసుకుపోయి కలుపు తీయించేవారు. నడుము పట్టేశాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు జవాబు చెప్పేవారు. చాలామంది ప్రశ్నలు సగం చేను కూడా దాటేవి కావు. నావి ఒక్కటీ దాటలేదు. అందుకే నాకు వంటసామాన్ల గది అప్పగించి, ప్రశ్నలు అడిగే శ్రమ తప్పించారు.

కమలాకరం ప్రశ్న మాత్రం దాటింది. అతను అంతకు ముందు ఒక పత్రికకు యుద్ధవార్తలు రాసి పంపేవాడు. ఏ యుద్ధమో, ఎవరు ఎవరితో చేశారో నేను చెప్పను. చెబితే మీరు వెంటనే ఎవరో ఒకరి పక్షాన చేరిపోతారు, ఇక కథ వినరు. మనుషుల సంగతి నాకు తెలియనిది కాదు. ఆశ్రమానికి వచ్చిన దగ్గర్నుంచీ అతను వంచిన తల ఎత్తకుండా పని చేసేవాడు, ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడేవాడు కాదు. ఆహా, ఎంత వైరాగ్యమో అని మేమంతా తెగ మెచ్చుకున్నాం.

ఆ రోజు నేను చేనికి మజ్జిగ తీసుకెళ్ళేసరికి, అతను కలుపు తీస్తూ తీస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

“అయ్యవారూ, చేతులెత్తి ఇళ్ళలోంచి బయటికి వచ్చిన మనుషుల్ని మా వైపు సైనికులు కాల్చేయడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళ దగ్గర తెల్లగుడ్డ తప్ప ఏమీ లేదు. ఎదురుకాల్పుల్లో పోయారని రాయమన్నారు. నేను రాయలేదు. జరిగింది రాస్తే ద్రోహి అంటారు, జైల్లో పెడతారు. ఉద్యోగం వదిలేసి ఇక్కడికి వచ్చేశాను. ఎదురుకాల్పుల్లో పోయారంటే శత్రువులేనని, చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఊళ్ళో ఉండనివ్వడం లేదని విన్నాను. కానీ నేనైతే అబద్ధం ఆడలేదు కదా. అది చాలదా?”

మేము మెచ్చుకున్న వైరాగ్యం ఇదన్నమాట అనుకుని నాకు సిగ్గేసింది. అయ్యవారు చేతిలో ఉన్న కలుపు గట్టు మీద పడేసి, అక్కడే మట్టిలో చతికిలబడ్డారు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తాను. మధ్యలో నా మాట ఎక్కడైనా దూరితే మన్నించాలి, నా నోరు ఊరుకునే రకం కాదు.

పూర్వం రాళ్ళదుర్గమని ఒక పాళెం ఉండేదట. దాని పాళెగాడు ముమ్మిడి నాయడు. ఏటికి అవతలి ఒడ్డున చింతలపాడు. ఏటి నీళ్ళ కోసం ఈ రెంటికీ ఎప్పుడూ కత్తులే. అయితే తన్నుకు చచ్చేవాళ్ళకు కూడా కొన్ని కట్టుబాట్లు ఉండేవి. గడ్డిపోచ నోట కరిచి, వట్టి చేతులు చాచి వచ్చినవాణ్ణి చంపకూడదు. ‘నేను నీ గొడ్డుతో సమానం, చంపకు’ అని దానికి అర్థం. పాలుతాగే పిల్లవాడికి కూడా తెలిసిన కట్టుబాటు అది.

రెండోది గెలుపు పాట. పోరు ముగిశాక రెండు ఊళ్ళవాళ్ళూ ఆయుధాలు ఇంట్లో పెట్టి వచ్చి ఏటి ఇసుకలో ఎదురెదురుగా కూర్చోవాలి. గెలిచిన పాళెం భట్టు, అంటే ఆ వంశపు కథలు పాడేవాడు, జరిగింది జరిగినట్టు పాడాలి. పోరాడి పోయాడని పాటలో వస్తే, పోయినవాడి పిల్లలు దున్నుకు బతకడానికి సొంత ఊరు భూమి ఇస్తుంది. దాన్ని నెత్తురు మాన్యం అనేవారు. పారిపోయాడని వస్తే, ఇంటివాళ్ళు అదే రోజు ఊరు వదిలి పోవాలి. గడ్డి కరిచినవాణ్ణి చంపారని వస్తే, ఆ మాన్యం చంపిన పాళెమే ఇచ్చుకోవాలి. పైగా ఆ పాళెగాడి ఇంట్లో ఇక ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టరు. పాటలో పడిన మాటకు తిరుగు లేదు.

ఆ ఏడు ముమ్మిడి నాయడే గెలిచాడు. కానీ పొద్దున్నే అతని తమ్ముడు పోరులో పడిపోయాడు. ఒంటి చేత్తో పెంచుకున్న తమ్ముడు. మధ్యాహ్నానికి చింతలపాడు మనుషులు కొందరు ఒక వంకలో, అంటే ఎండిన వాగులో, చిక్కుకుని, దారి లేక, గడ్డి కరిచి చేతులు చాచి బయటికి వచ్చారు. నాయడు తమ్ముడి నెత్తురు ఆరని పంచెతోనే గుర్రం మీద ఉన్నాడు. వాళ్ళ వైపు ఒక్కసారి చూసి, నరకండి అన్నాడు. నరికారు. శవాల మీద వంకలోనే ఇసుక కప్పించి, చింతలపాడు వాళ్ళు పారిపోయారని దండోరా వేయించాడు.

దుఃఖంలో ఉన్నవాడి మీద జాలిపడొద్దని నేను అనను. కానీ ఆ దండోరా దుఃఖం వేయించింది కాదు.

రాళ్ళదుర్గం పాటగాడు నాగన భట్టు ఆ వాగు గట్టు మీద నిలబడి అంతా చూశాడు. పోరు చూడడమే భట్టు పని. సాయంత్రం నాయడు అతన్ని కోటకు పిలిపించాడు.

“నాగన్నా, పాటలో వాళ్ళు పారిపోయినారనే రావల్ల.”

“దొరా, ఆ పాట ఇంకెవరిచేతనన్నా పాడించుకోండి.”

“నీ నోటినుంచి వస్తేనే చెల్లేది. నీకు తెలీదా? నా ఉప్పు తిన్న నాలుక అది. ఆ మాట అననన్నా, ఇంకో మాట అన్నా కోయిస్తా.”

భట్టు ఇంటికి వచ్చి జరిగింది పెండ్లాం సుబ్బక్కకు చెప్పాడు. ఆమె అప్పటికప్పుడు చద్దిమూట కట్టింది. “కొండదారిన నా పుట్టింటికి పోదాం పద. నువ్వు పాడకుంటే అబద్ధం ఆడినట్టు కాదు గదా” అంది.

ఇక్కడ అయ్యవారు పక్కనున్న కలుపు మొక్క ఒకటి పీకారు. కమలాకరం తల ఎత్తలేదు. నేను మాత్రం సుబ్బక్క మాటలో తప్పేముందా అని ఆలోచించాను. మొగుణ్ణి ఎవరు చంపుకుంటారు?

నాగన భట్టు కూడా చాలాసేపు ఆ మూట వంకే చూస్తూ కూర్చున్నాడట. తర్వాత అన్నాడు: “నేను పోతే దండోరా మాటే నిలుస్తాదే సుబ్బీ. అబద్ధం చెప్పనీకె ఊరంతా ఉండారు. గట్టు మీద నిలబడి చూసినోణ్ణి నేనొక్కణ్ణే.” సుబ్బక్క ఏడ్చింది, తిట్టింది, ఆఖరికి ఆ మూట విప్పి ఆ చద్దన్నమే అతనికి పెట్టింది.

గెలుపు పాట రోజు వచ్చింది. ఈ పక్క రాళ్ళదుర్గం, ఆ పక్క చింతలపాడు కూర్చున్నాయి. చింతలపాడు వాళ్ళలో ఓబులమ్మ అనే ఒక చిన్న వయసు ఆడమనిషి అందరికీ ఎడంగా కూర్చుంది. ఆమె మొగుడు ఆ వంకలో పోయినవాళ్ళలో ఒకడు. దండోరా విన్న దగ్గర్నుంచీ ఆమె ఇంటికి ఎవరూ నిప్పు కూడా ఇవ్వలేదు. పాట అయిపోగానే ఊరు వదలాలి కాబట్టి సామాను మూట కట్టుకుని, చంకలో బిడ్డతో వచ్చింది. మొగుడు పారిపోయి ఉంటే ఎక్కడో ఒకచోట బతికే ఉంటాడు కదా అని ఆమెకు ఒక మూల ఆశ కూడా ఉందట. పాపిష్టి ఆశ!

భట్టు పాట ఎత్తుకున్నాడు. నాయడి తమ్ముడు పడిన ఘట్టం పాడితే నాయడే కళ్ళు తుడుచుకున్నాడు. చింతలపాడు వీరుల్నీ అంతే గొప్పగా పాడాడు. పాట నడుస్తూ నడుస్తూ వంక దగ్గరికి వచ్చింది. వంకలో చిక్కిన మనుషులు ఎండకు నాలుకలు పిడచగట్టి కూర్చున్నారని పాడాడు. వాళ్ళు లేచారని పాడాడు. అక్కడ ఆపేశాడు.

జనం ఊపిరి కోసం ఆగాడనుకున్నారు. భట్టు తంబుర ఇసుకలో పడుకోబెట్టాడు. ఏటి అంచున మొలిచిన గరిక దగ్గరికి పోయి ఒక పోచ పీకాడు. దాన్ని పళ్ళ మధ్య కరిచి వచ్చి, నాయడికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, వట్టి చేతులు రెండూ ముందుకు చాచాడు.

“ఏందిది? పాడు!” అన్నాడు నాయడు.

భట్టు కదల్లేదు.

“పాడతావా లేదా?”

గరికపోచ తప్ప ఆ నోట్లో ఇంకేమీ లేదు. రెండు ఊళ్ళూ చూస్తున్నాయి. నాయడి మొహం నల్లబడింది. ఆ సభలో పాళెగాడి బంటు ఒక్కడికే కత్తి ఉంటుంది. నాయడు ఆ బంటు వైపు తిరిగి, “ఓబన్నా, కోయ్ వాని నాలుక” అన్నాడు.

ఓబన్న కత్తి దూసి వచ్చాడు. భట్టు ముందు నిలబడ్డాడు. గరికపోచ వంక చూశాడు, చాచిన చేతుల వంక చూశాడు. కత్తి పట్టిన చెయ్యి పైకి లేవలేదు. నాయడు మళ్ళీ అరిచాడు. అప్పుడు ఓబన్న వెనక్కి తిరిగి, పసిపిల్లవాడిలా ఏడుస్తూ అన్నాడు:

“దొరా, ఇంకొకసారి నా చేత కాదు.”

ఇంకొకసారి అన్న ఆ మాట రెండు ఊళ్ళవాళ్ళ చెవుల్లోనూ పడింది. ఓబులమ్మ ఒక్కతే బిడ్డను చంకనేసుకుని లేచి, నడుచుకుంటూ వచ్చి ఓబన్న ముందు నిలబడింది.

“ఇంకొకసారి అంటే ఏందన్నా? అంతకు ముందు ఎవరిని?”

ఓబన్న కత్తి పడేసి ఇసుకలో కూలబడ్డాడు. ఏ వంకలో, ఎవరెవరిని, ఎవరు చెబితే నరికాడో అంతా చెప్పాడు. ఓబులమ్మ మొగుడు గడ్డిపోచ పళ్ళ మధ్య అలాగే పట్టుకుని పోయాడని కూడా చెప్పాడు. ఆమె అక్కడే కూర్చుని గుండెలు బాదుకుంది. చింతలపాడు ఆడవాళ్ళంతా పరుగున వచ్చి ఆమెను పొదివి పట్టుకున్నారు. నిన్నటిదాకా నిప్పు ఇవ్వనివాళ్ళే వాళ్ళు.

ముమ్మిడి నాయడు లేచి కోటకు వెళ్ళిపోయాడు. అప్పుడు నాగన భట్టు నోట్లోంచి గరికపోచ తీసి తంబుర అందుకుని, ఆగిన చోటునుంచి పాట మళ్ళీ ఎత్తుకున్నాడు. వంకలో పోయినవాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి పాడాడు. రాళ్ళదుర్గం మనుషులే వెళ్ళి ఇసుక తవ్వి శవాలను ఏరు దాటించారు. మాన్యాలు కూడా రాళ్ళదుర్గమే ఇచ్చుకుంది. ఓబులమ్మ మూట విప్పుకుని తన ఇంట్లోనే ఉండిపోయింది.

నాయడు భట్టు నాలుక కోయించలేదు గానీ పొలం లాక్కున్నాడు. ఆ తర్వాత కోటలో ఏ పెళ్ళికీ, ఏ పండక్కీ అతన్ని పాడమని పిలవలేదు. సుబ్బక్క మేకలు కాసి ఇల్లు నడిపింది. మేకల వెంట తిరిగినన్నాళ్ళూ మొగుణ్ణి దెప్పుతూనే ఉందట, అన్నం మాత్రం ముందు అతనికే పెట్టేదట.

కథ అయిపోయింది. కమలాకరం మట్టిలో వేళ్ళు పెట్టి కెలుకుతూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “అయితే ఆ భట్టు కూడా అబద్ధం పాడనన్నాడు, నోరు మూసుకున్నాడు. నేనూ అంతే కదా అయ్యవారూ చేసింది?”

నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. అయ్యవారికి కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆయన అతని చేతులు పట్టుకుని వేళ్ళకు అంటిన మట్టి దులిపారు, తండ్రి కొడుక్కి దులిపినట్టు.

“ఆయన నోరు మూసుకున్నది ఏటి ఇసుకలో, కత్తికి ఎదురుగా. నువ్వు మూసుకున్నది నా వేరుశనగ చేలో” అన్నారు.

కమలాకరం చేనంతా ఒకసారి చూశాడు, ఇంకా కొంత కలుపు అలాగే ఉంది. అది ముగించడానికన్నట్టు మళ్ళీ వంగబోయాడు. అయ్యవారు అతని భుజం పట్టి ఆపి, గట్టు మీది తువ్వాలు తీసి చేతికిచ్చారు.

“కలుపు నేను తీసుకుంటాలే నాయనా. ఆ ఊళ్ళో మూట కట్టుకుని ఇంకో ఓబులమ్మ కూర్చునే ఉంటుంది” అన్నారు.