సరిపోతుందన్న దాలినాయుడు

గాజువాకలో దాలినాయుడు అని ఒక జీపుల పిచ్చివాడు ఉండేవాడు. బండి గురించి ఎవరేం అడిగినా జవాబు చెప్పేవాడు గానీ, ‘నాకు తెలీదు’ అనే మాట మాత్రం అతని నోట ఎన్నడూ వచ్చేది కాదు.

దాలినాయుడు పోర్టు ఆఫీసులో గుమస్తా. అతనికో పాత జీపు ఉండేది. అలాంటి పాత జీపులున్నవాళ్ళు ఇంకొందరు ఆ చుట్టుపక్కల ఉండేవారు. ఆదివారం వస్తే అందరూ ఫ్రాన్సిస్ అనే పెద్దాయన ఇంటి వెనక ఖాళీ స్థలంలో చేరేవారు. పొగమంచులో వెలిగే పసుపు లైట్లు, లావు టైర్లు, గట్టి బంపర్లు, ఇలా కంపెనీ ఇవ్వని సామానేదో కొనుక్కొచ్చి ఒకరి బండికి ఒకరు బిగించుకునేవారు. కూలి మాటే లేదు. ఎవరి బండికి పని జరిగితే వాళ్ళు ఆ పూట అందరికీ ఇడ్లీ, టీ పెట్టించాలి. అంతే.

దాలినాయుడి చెయ్యి మంచిది. తుప్పుపట్టి కదలని బోల్టును కూడా ఓపిగ్గా ఊడదీసేవాడు. వానైనా ఎండైనా సాయానికి ముందుండేవాడు. అందుకే అతని మాటకు విలువుండేది. ఒకసారి చిన్నారావు అనే అతని జీపుకు లైట్లు బిగించి, “ఈ తీగ చాలు, భేషుగ్గా వెలుగుతాయి” అన్నాడు. నాలుగు రోజులు తిరక్కుండానే తీగ కాలి కంపు కొట్టింది. “నాసిరకం లైట్లు కొన్నావు, నేనేం చెయ్యను?” అన్నాడు దాలినాయుడు. చిన్నారావు నిజమే కాబోలనుకుని వేరే లైట్లు కొన్నాడు. తన పని మీద అనుమానం రానివ్వకుండా మాట్లాడటం దాలినాయుడికి అలా అలవాటైపోయింది.

ఆ ఆదివారాల్లోకి హైమవతి అనే పశువుల డాక్టరు కొత్తగా వచ్చి చేరింది. ఆమెకు పాడేరు దగ్గర కొండ పల్లెల్లో ఉద్యోగం. ఆఫీసు బండి వెళ్ళలేని దారుల్లో తన సొంత జీపులో వెళ్ళి పశువులకు మందులు వేసి వచ్చేది. రాళ్ళు కింద తగిలి బండి మాటిమాటికీ ఆగిపోతుంటే, జీపును కాస్త ఎత్తు చేయించుకోవాలని ఎత్తైన కమాన్ కట్టలు కొని తెచ్చింది. చక్రాల దగ్గర బండి బరువును మోసే వంపు తిరిగిన ఇనుప పట్టీలే కమాన్ కట్టలు.

ఆమె వచ్చిన రోజున ఫ్రాన్సిస్ లేడు. కాకినాడలో పెళ్ళికి వెళ్ళాడు. “ఆయన వచ్చే ఆదివారానికి ఉంటాడట. ఆగమంటారా?” అని అడిగింది హైమవతి.

“ఎందుకమ్మా ఆగడం? మనం లేమా?” అన్నాడు దాలినాయుడు.

హైమవతికీ తొందరగానే ఉంది. వానలు పడకముందే పశువులకు గొంతువాపు టీకాలు వేసెయ్యాలి. ఆమె సరేనంది. నలుగురూ చెయ్యి వేశారు. జాకీలు పెట్టి బండిని లేపారు. చక్రాలు తీశారు. పాత కట్టలు దించి కొత్తవి ఎక్కించారు. మధ్యాహ్నానికి జీపు బెత్తెడు ఎత్తు పెరిగి, కొత్త బండిలా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

హైమవతి మోకాళ్ళ మీద కూర్చుని బండి కిందికి తొంగిచూసింది. బండి చట్రం నుంచి చక్రం దగ్గరికి బ్రేకు నూనె తీసుకెళ్ళే చిన్న రబ్బరు గొట్టాన్ని వేలితో తాకింది.

“నాయుడు గారూ, ఈ గొట్టం ఇదివరకు వేలాడుతూ ఉండేది. ఇప్పుడు బిగుసుకున్నట్టుంది. సరిపోతుందా?”

దాలినాయుడు కూడా వంగి చూశాడు. అతనికి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. నిజానికి ఎత్తైన కట్టలు వెయ్యడం అతనికి అదే మొదలు. ఫ్రాన్సిస్‌కు ఫోను చేసి అడగొచ్చు. కానీ చుట్టూ అందరూ తనవైపే చూస్తున్నారు.

“సరిపోతుందమ్మా. ఇలాంటివి ఎన్ని బళ్ళకు వెయ్యలేదు!” అన్నాడు.

ఆమె నమ్మింది. అందరికీ ఇడ్లీలు తెప్పించి పెట్టింది. దండం పెట్టి వెళ్ళిపోయింది.

చదును నేల మీద ఆ గొట్టం సరిపోయింది. కానీ కొండ దారి చదునుగా ఉండదు. గోతి వచ్చినప్పుడల్లా చక్రం కిందికి జారేది. చక్రం జారినప్పుడల్లా గొట్టం సాగేది. ఆ వారమంతా హైమవతి వాగులు, గోతులు దాటుతూ పల్లెలన్నీ తిరిగింది. టీకాలన్నీ అయిపోయాక, ఖాళీ పెట్టెలతో ఘాట్ రోడ్డు దిగుతుండగా ఒక మలుపు దగ్గర బ్రేకు తొక్కింది. పెడల్ మెత్తగా నేలకు అంటుకుపోయింది. బండి ఆగలేదు.

ఒక పక్క లోయ, ఒక పక్క కొండ. ఆమె గేరు తగ్గించింది. చేతి బ్రేకు లాగింది. అయినా బండి జారుతూనే ఉంది. ఇక చేసేది లేక కొండవైపు స్టీరింగు తిప్పేసింది. జీపు బండరాతిని గుద్దుకుని ఆగింది. ప్రాణం దక్కింది గానీ, కుడిచెయ్యి విరిగింది.

జీపును తాళ్ళతో లాగించుకొచ్చి ఫ్రాన్సిస్ స్థలంలో పెట్టారు. సంగతి తెలిసి దాలినాయుడు ఆఫీసు నుంచి నేరుగా అక్కడికి వెళ్ళాడు. ఇంకా ఎవరూ రాలేదు. ముందు భాగమంతా నుజ్జయిపోయి ఉంది. అతను బండి కింద దూరి చూశాడు. బ్రేకు గొట్టం కొస దగ్గర తెగిపోయి ఉంది. తెగిన చోట రబ్బరు సాగిసాగి తెల్లబడి ఉంది. దెబ్బ తగిలి తెగినది అలా ఉండదు.

కాసేపటికి చిన్నారావు వచ్చాడు. బండిని చూసి, “గుద్దుకున్న దెబ్బకు అన్నీ తెగిపోయినట్టున్నాయి పాపం” అన్నాడు.

“అవును” అన్నాడు దాలినాయుడు.

మర్నాడు సాయంత్రం బత్తాయిలు కొనుక్కుని ఆసుపత్రికి వెళ్ళాడు. హైమవతి చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె భర్త మోహనరావు ఉన్నాడు.

“మీరైనా చెప్పండి నాయుడు గారూ. కొండల్లో ఉద్యోగం వద్దు, ఊళ్ళో కుర్చీ పని ఏదైనా అడగమని ఎప్పటి నుంచో చెప్తున్నాను” అన్నాడు మోహనరావు.

“ఈయన చెప్పిందే నిజమండీ” అంది హైమవతి తల దించుకుని. “తప్పు నాదే. మీరంతా కష్టపడి అంత బాగా చేసిచ్చారు. మలుపుల దగ్గర నెమ్మదిగా దిగాల్సింది. బ్రేకు సరిగ్గా తొక్కానో లేదో కూడా ఇప్పుడు గుర్తు రావడం లేదు. కొండ మీద బండి నడపడం నాకు చేతకాదు. బదిలీకి అడుగుతాను.”

దాలినాయుడు బత్తాయిలు బల్ల మీద పెట్టాడు. “ఒంటి సంగతి చూసుకోండమ్మా” అని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. అడుగు బయట పెడితే చాలు, ఈ సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలియదు. కానీ ఆమె ఇంకా తల దించుకునే ఉంది. చెయ్యని తప్పుకు ఆమె అలా కూర్చుని ఉంటే చూడలేకపోయాడు. వెనక్కి తిరిగాడు.

“డాక్టరమ్మా, తప్పు మీది కాదు. గొట్టం చాలక తెగిపోయింది. గుద్దుకోకముందే తెగింది. నేను చూశాను.”

ఆమె తలెత్తింది. “ఆ రోజు నేను అడిగాను కదండీ?”

“అడిగారు.”

“ఎన్నో బళ్ళకు వేశానన్నారు.”

“ఒక్క బండికి కూడా వెయ్యలేదమ్మా. నాకు తెలీదు.”

మోహనరావు కోపంతో లేచి నిలబడ్డాడు. హైమవతి అతన్ని ఎడమచేత్తో ఆపింది.

“తెలీదని ఆ రోజే అంటే నేనేమైనా అనేదాన్నా? ఒక వారం ఆగేదాన్ని. అంతేగా?” అంది. తర్వాత ముఖం తిప్పుకుని, “ఇక వెళ్ళండి” అంది.

ఆదివారం దాలినాయుడు అందరి ముందూ జరిగింది చెప్పాడు. చిన్నారావు బండిలో తీగ కాలింది లైట్ల వల్ల కాదు, తను సన్నటి తీగ వెయ్యడం వల్లేనని కూడా ఒప్పుకున్నాడు. చిన్నారావు లేచి, తన బండికి దాలినాయుడు బిగించినవన్నీ ఒక్కొక్కటిగా విప్పి చూసుకోసాగాడు. ఆ స్పానరు చప్పుడు తిట్టు కంటే గట్టిగా తగిలింది.

ఫ్రాన్సిస్ మాత్రం అన్నాడు: “మనలో ఎవరమూ మెకానిక్‌లం కాదు నాయుడూ. మోజు కొద్దీ నేర్చుకున్నవాళ్ళం. ఒకడికి తెలియనిది ఇంకొకడికి తెలుస్తుందనే కదా ఇక్కడ చేరుతున్నాం! నువ్వు అన్నీ తెలుసని కూర్చుంటే మిగతావాళ్ళ నోరు మూసినట్టే.”

“ఆ జీపును నేనే బాగుచేయిస్తాను. ఎలాగో చెప్పండి” అన్నాడు దాలినాయుడు.

“ఈ రకం కట్టలు నేనూ వెయ్యలేదు. వేసినవాళ్ళను అడుగు” అన్నాడు ఫ్రాన్సిస్.

దాలినాయుడు వేరే ఊళ్ళలో జీపులున్నవాళ్ళ నంబర్లు సంపాదించి ఫోన్లు చేశాడు. మొదటి ఫోనులో ‘నాకు తెలీదండీ, కాస్త చెప్తారా?’ అనడం అతనికి చాలా కష్టమైంది. రెండోసారి కొంచెం తేలికైంది. అతన్ని చూసి ఎవరూ నవ్వలేదు. పైపెచ్చు అడగని సంగతులు కూడా చెప్పారు. నర్సీపట్నం నుంచి సత్తార్ అనే ఆయన పొడవాటి గొట్టాలు పట్టుకుని బస్సెక్కి వచ్చేశాడు. “నా బండికి కట్టలు వేసినప్పుడు నేనూ ఈ తప్పే చెయ్యబోయాను. ఎవరో చెప్తేనే తెలిసింది” అన్నాడు. ఆయన దగ్గరుండి చూపించాడు. ఒక చక్రాన్ని గోతిలో వేలాడదీసి, గొట్టం ఎంత వదులుగా ఉండాలో అందరి చేతా పట్టి చూపించాడు. ఈసారి చిన్నారావు కూడా వచ్చి చెయ్యి వేశాడు.

చెయ్యి బాగుపడ్డాక హైమవతి వచ్చింది. దాలినాయుడితో మాట్లాడలేదు. బండి కిందికి తనే దూరి, గొట్టాలన్నీ పట్టి చూసుకుంది. బయటికి వచ్చి తాళాలు తీసుకుంది. బండెక్కి, అతనివైపు చూసి, “మీరూ ఎక్కండి” అంది.

ఇద్దరూ కొండెక్కారు. తిరిగి వచ్చేటప్పుడు అదే ఘాట్ రోడ్డు దిగారు. బండను గుద్దుకున్న మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. దాలినాయుడు సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఆమె బ్రేకు తొక్కింది. జీపు మలుపుకు ముందే నెమ్మదిగా ఆగింది.

హైమవతి లోయవైపు ఒకసారి చూసింది.

“బదిలీ కాగితం వెనక్కి తీసుకుంటాను” అంది. గేరు వేసింది.

సాయం చెయ్యాలన్న మనసు ఒక్కటే చాలదు. తనకు తెలియనిది తెలియదని చెప్పగలిగినవాడి సాయాన్నే ప్రాణం పెట్టి నమ్మవచ్చు.