మరిచిపోవడం తెలిసిన కంప్యూటర్

విశాఖపట్నంలో శశిభూషణ్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. పని బంగారంలా చేసేవాడు గానీ, ఎవరైనా ఒక్క మెచ్చుకోలు మాటంటే చాలు, మునగచెట్టెక్కి కూర్చునేవాడు.

అతనూ, కాలేజీలో పాఠాలు చెప్పి మానేసిన మేరీ కమలగారూ కలిసి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేశారు. అంటే కంప్యూటర్‌ను నిద్రలేపి పని చేయించే మూల ప్రోగ్రామ్ అన్నమాట. దానికి ‘గడియ’ అని పేరు పెట్టారు. అది ఎవరికైనా ఉచితం. లోపలి కోడ్ అంతా తెరిచి ఉండేది. ఓపిక ఉన్నవాళ్ళెవరైనా చదువుకోవచ్చు. చూడటానికి మాత్రం గడియ పరమ బీద. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఫైళ్ళు తెరవడానికి ఒక కిటికీ, రాసుకోవడానికి ఇంకో కిటికీ. అంతే! కానీ దానికొక గొప్ప గుణం ఉండేది. కంప్యూటర్ ఆపేయగానే, ఆ రోజు చూసిందీ చేసిందీ అంతా మరిచిపోయేది. దొంగ దాన్ని ఎత్తుకుపోయినా ఒక్క ముక్క రాబట్టలేడు.

రహస్యం కాపాడుకోవలసినవాళ్ళు గడియను వెతుక్కుంటూ వచ్చేవారు. కాకినాడలో వరూధినిగారు అలా వచ్చినావిడే. కొట్టే మొగుళ్ళ దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళకు ఆవిడ తన ఇంట్లో నీడ ఇచ్చేవారు. ఆ ఇంటికి బోర్డు ఉండేది కాదు. అక్కడున్న వాళ్ళ ఫొటోలూ వివరాలూ తాళం వేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దాన్ని తాళంచెవుల గుత్తితో పాటు బొడ్లో దోపుకునేవారు.

ఒంగోలు వైపు నుంచి వచ్చిన కోటేశ్వరి, ఆమె కూతురు లావణ్య ఆ ఇంట్లోనే ఉండేవారు. కోటేశ్వరి ఒక టైలరింగ్ షాపులో జాకెట్లు కుట్టేది. లావణ్య పదో తరగతి చదివేది. వచ్చిన కొత్తలో చివరి బెంచీలో తల వంచుకుని కూర్చున్న పిల్ల, ఇప్పుడు లెక్కల మాస్టారితో వాదనకు దిగేది. తండ్రి తమ కోసం వెతుకుతున్నాడని ఇద్దరికీ తెలుసు. తామున్న చోటు అతనికి తెలియనంత కాలమే తమకు బతుకు అని కూడా తెలుసు.

శశిభూషణ్, కమలగారు మొదట్లోనే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. గడియలోకి కొత్తగా ఏది రావాలన్నా ఇద్దరూ దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఒకరు చదవకపోయినా అది గుమ్మం దాటకూడదు.

ఇలా ఉండగా, గడియ వాడేవాళ్ళు కబుర్లు రాసుకునే ఫోరంలో గొణుగుడు మొదలైంది. “ఇది కంప్యూటరా, కరెంటాఫీసు నోటీసు బోర్డా?” అని ఒకడు వెక్కిరించాడు. “నేను తెర మీద గులాబీ పువ్వు బొమ్మ పెట్టుకుంటాను. మర్నాడు చూస్తే ఉండదు. ఒక్క పువ్వును గుర్తుపెట్టుకోలేని సిస్టమ్ దేనికండీ?” అని ఇంకొకడు దెప్పిపొడిచాడు. ఆ మాటలకు శశిభూషణ్‌కు అన్నం సహించలేదు.

అతను బయట దొరికే ఒక పెద్ద డెస్క్‌టాప్‌ను, అంటే తెర మీద హంగులన్నీ చూపించే ప్రోగ్రామ్‌ను, తెచ్చి గడియకు తొడిగాడు. రంగురంగుల తెర, ఎండావానా చెప్పే మూల, పాటల పెట్టె, తెర మీద ఈదే చేపలు, ఫొటోలన్నిటినీ చిట్టిచిట్టి బొమ్మలుగా పేర్చి చూపే కిటికీ... లేనిదంటూ లేదు. పెట్టుకున్న పువ్వు మర్నాటికీ ఉండాలి కాబట్టి, కంప్యూటర్‌లో కాస్త చోటు కేటాయించి, కొన్ని సంగతులు అక్కడ గుర్తుపెట్టుకునే ఏర్పాటు కూడా చేశాడు. అంతా అయ్యాక కమలగారికి చూపించాడు.

“పెళ్ళిపందిరిలా ఉంది శశీ,” అన్నారావిడ. “ఇదంతా చదివావా?”

“అంతా ఎలా చదువుతానండీ, సముద్రమంత ఉంటే! తెరిచి ఉన్న కోడే కదా. లోకమంతా వాడుతోంది. ఈపాటికి ఎవరో ఒకరు చదివే ఉంటారు.”

“ఆ ఎవరో ఒకరు కూడా ఇలాగే అనుకుంటే?”

శశిభూషణ్ నవ్వేశాడు. కమలగారు నవ్వలేదు. “మన గడియకు వచ్చిన విద్యల్లా మరిచిపోవడమే. ఇప్పుడు దానికి పువ్వు కోసం గుర్తుపెట్టుకోవడం నేర్పావు. అది పువ్వు దగ్గరే ఆగుతుందని నీకెలా తెలుసయ్యా? నన్ను చదవనియ్యి.”

“ఎన్నాళ్ళు పడుతుందండీ?”

“చదవడం అయ్యేదాకా పడుతుంది.”

సరేనన్నాడు. కానీ ఫోరంలో ఊరుకోరు కదా! కొత్త తెర ఫొటో ఒకటి అతనే అక్కడ పెట్టాడు మరి. “శశిగారూ, మీరు మామూలు మనిషి కాదండీ. ఎప్పుడిస్తున్నారు?” అని పొద్దున లేస్తే ఇవే ప్రశ్నలు. చిలక్కి చెప్పినట్టు చెప్పిన కమలగారి మాట ఒక చెవిన దూరి రెండో చెవిన పోయింది. ఆవిడ చదువుతూ ఉండగానే అతను కొత్త గడియను విడుదల చేసేశాడు.

కమలగారి నుంచి ఒకే ఒక్క మెసేజ్ వచ్చింది. “నేనింకా సగం కూడా చదవలేదు శశీ.”

“ఏమీ కాదండీ,” అని జవాబిచ్చి, అతను మెచ్చుకోళ్ళు చదువుకోవడంలో మునిగిపోయాడు. వరూధినిగారు కూడా ఫోన్ చేశారు. “ఆ చేపలు మా ఇంట్లో పిల్లలకు తెగ నచ్చాయి బాబూ!” అన్నారు. ఆ మాటకు అతను రోజంతా ఈల వేస్తూ తిరిగాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు కరెంటు ఎక్కువై వరూధినిగారి కంప్యూటర్ ఆగిపోయింది. ఆవిడ దాన్ని వీధి చివర గోవిందు రిపేరు కొట్టులో ఇచ్చారు. ఇదివరకూ ఇచ్చేవారు. పెన్‌డ్రైవ్ తన బొడ్లోనే ఉంది, కంప్యూటర్‌కేమో ఏదీ గుర్తుండదు, ఇక భయమేముంది?

గోవిందు దాన్ని బాగుచేసి, తెర సరిగ్గా కనిపిస్తోందో లేదో చూద్దామని ఫొటోల కిటికీ తెరిచాడు. చిట్టిచిట్టి బొమ్మలు బారులు తీరి కనిపించాయి. వాటిలో స్కూలు యూనిఫాంలో ఒక పిల్ల, పక్కన తల్లి. ఈ ముఖాలు ఎక్కడో చూశానే అనుకున్నాడు. ఫోన్ తీసి వెతికితే వాట్సాప్‌లో దొరికింది. ‘తల్లీకూతుళ్ళు కనబడుటలేదు. ఈ నంబరుకు ఆచూకీ తెలిపి పుణ్యం కట్టుకోండి.’

గోవిందు చెడ్డవాడు కాడు. పాపం, ఇంట్లోవాళ్ళు ఎంత అల్లాడిపోతున్నారో అనుకున్నాడు. యూనిఫాం బట్టి స్కూలు పోల్చుకుని, ఆ నంబరుకు ఫోన్ చేసి, “మీవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారండీ. పాప ఫలానా స్కూల్లో చదువుతోంది,” అని చెప్పాడు.

మర్నాడు స్కూలు వదిలే వేళకు తండ్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. లావణ్య చెయ్యి పట్టుకుని ఆటోలోకి లాగబోయాడు. పిల్ల కేకలకు మాస్టార్లూ ఆటోవాళ్ళూ పరిగెత్తుకొచ్చి విడిపించారు. అతను జనంలోంచి తప్పించుకుని పారిపోయాడు. పిల్ల దక్కింది గానీ, చోటు బయటపడిపోయింది.

“తాళం వేసే పెట్టాను కదా బాబూ, ఎలా బయటికొచ్చాయి?” అని వరూధినిగారు ఫోన్లో ఏడ్చారు. శశిభూషణ్ తన కంప్యూటర్ తెరిచి చూశాడు. పువ్వు కోసం కేటాయించిన చోట, పువ్వు పక్కనే, తను ఇన్నాళ్ళూ తెరిచిన ప్రతి ఫొటోకూ, పెన్‌డ్రైవ్‌లో చూసినవాటికి కూడా, ఒక చిన్న నకలు ఉంది. మళ్ళీ అడిగినప్పుడు త్వరగా చూపించడానికి ఆ డెస్క్‌టాప్ తనంతట తానే దాచిపెట్టింది. కోడ్‌లో ఆ సంగతి రాసే ఉంది. చదివిన నాథుడే లేడు.

అతను కాకినాడ వెళ్ళేసరికి తల్లీకూతుళ్ళు బట్టలు సర్దుకుంటున్నారు. వరూధినిగారు వాళ్ళను వేరే ఊరు పంపించేస్తున్నారు. లావణ్య పుస్తకాల సంచి ముందేసుకుని కూర్చుంది. పరీక్షలకు నెల కూడా లేదు. పరీక్ష సెంటరు ఈ ఊళ్ళోనే, ఇక్కడ రాయనివ్వడానికి తల్లికి ధైర్యం చాలలేదు.

“తప్పు నాదేనమ్మా,” అని శశిభూషణ్ జరిగిందంతా చెప్పాడు.

కోటేశ్వరి విని, చీర మడతపెడుతూనే అడిగింది. “ఆ బొమ్మలూ అవీ లేకపోతే మీ కంప్యూటర్ పనిచెయ్యదాండీ?”

“చేస్తుందమ్మా. ఇదివరకు అలాగే చేసేది.”

“మరెందుకు పెట్టారండీ?”

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగింది. నలుగురూ నన్ను మెచ్చుకోవాలని పెట్టానమ్మా అని చెప్పడానికి అతనికి సిగ్గేసింది. తిట్టినా బాగుండేదని అనుకున్నాడు.

విశాఖ వచ్చాక ఆ డెస్క్‌టాప్ మొత్తం పీకేశాడు. ఫోరంలో కొందరు తిట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అందులోనూ కాలింది తన చెయ్యి కాదు. పదో తరగతి పరీక్షల మొదటి రోజున లావణ్య ఏదో ఊళ్ళో, తలుపులు మూసిన గదిలో, హాల్ టికెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు శశిభూషణ్ కూడా ఏ పనీ చెయ్యలేకపోయాడు.

నీతి: కాపలా కోసం చేసినదానికి అవసరానికి మించిన హంగులు తగిలించకూడదు, మన మెప్పు కోసం తగిలించిన హంగు వల్ల నష్టపోయేది మనల్ని నమ్ముకున్నవాళ్ళే.