రెండు రేవుల నడిమి ఉప్పు

చుట్టూ కొండలే ఉన్న చోట ఒక మేకలమంద బతికేది. మేతకు లోటు లేదు, ఉప్పుకే కరువు. ఉప్పు కావాలంటే కొండ దిగి, సముద్రపు ఒడ్డున పోలయ్య అనే పీత కాపురముండే ఉప్పునేలకు పోవాల్సిందే. ఆ నేలకు అటొక రేవు, ఇటొక రేవు.

ఆ ఏడు ఎక్కడినుంచో ఓ తోడేలు వచ్చి ఉత్తరపు రేవులో కాపలా పెట్టింది. అది తెలిసి ఇంకో దేశపు నక్క దక్షిణపు రేవులో అంగడి తెరిచింది. మేకలకు దారి మూసుకుపోయింది.

మందలో బూదమ్మ అనే మేకకు చెల్లెలైన సాలమ్మ అప్పుడే ఈనింది. ఉప్పు లేక నీరసించి, పాలు ఎండిపోయి, పిల్ల మూతి పెట్టినప్పుడల్లా మొహం తిప్పుకునేది.

"నేను తెస్తాగా, పడుకో" అని దాని చెవి నాకి బూదమ్మ కొండ దిగింది.

తోడేలు అడ్డం నిలిచింది. "నక్క వైపు చూశావో, మీ మంద మిగలదు."

చుట్టు తిరిగి దక్షిణపు రేవుకు పోతే, నక్క తియ్యగా అంది: "తోడేలు గడప తొక్కినవాళ్ళకు ఇక్కడ ఉప్పుకల్లు పుట్టదు వదినా."

బూదమ్మ ఇసుకదిబ్బ చాటున పోలయ్య బొరియ దగ్గర కూలబడింది.

"నా వాకిలి కోసం వాళ్ళ తగువు. నన్ను మాటవరసకైనా అడగలేదమ్మా" అన్నాడు పోలయ్య.

"ఆంబోతులు పోట్లాడుకుంటే దూడల కాళ్ళు విరగడమంటే ఇదే మామా. తిండికైనా లేవరా వాళ్ళు?"

"లేస్తే రెండోవాడు రేవు పట్టేస్తాడని భయం."

బూదమ్మ కాసేపు ఆలోచించి, మళ్ళీ తోడేలు దగ్గరికి పోయింది. "దొరా, నువ్వు లేస్తే చాలు, నీ చోట్లో కూర్చోవాలని నక్క కాచుకుని ఉంది." నక్కకూ తోడేలు గురించి అదే మాట చెప్పింది.

ఆపైన రెండు రేవుల మధ్య నుంచి, పట్టపగలే ఉప్పునేల మీదికి నడిచింది.

"నా పక్కనే నడువమ్మా" అన్నాడు పోలయ్య, అడ్డంగా నడుస్తూ.

తోడేలు సగం లేచింది. నక్క కూడా లేవడం చూసి చతికిలబడింది. నక్కా కూర్చుంది. పోలయ్య తాటాకు దొప్ప నిండా ఉప్పు ఎత్తి బూదమ్మ మెడకు కట్టాడు.

సాలమ్మ కళ్ళు మూసుకుని ఆ ఉప్పు నాకింది. నాలుగు రోజులకు పిల్ల మూతికి పాలనురగ అంటింది. అక్కడ రేవుల్లో ఒకరినొకరు కాచుకుని డొక్కలు ఎండిన ఆ ఇద్దరూ ఏ దారిన వచ్చినవాళ్ళు ఆ దారినే పోయారు.

పక్కవాడి రేవు మీదే కన్నేసి కూర్చుంటే, కళ్ళముందు నడిచిపోయేది కూడా దక్కదు.