లెన్సు ముందరి అద్దం

బాపయ్య మాస్టారు ఫోటోలు తీయడం నేర్పేవారు గానీ, అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "రేపు నాతో రా" అనేవారు. వెళ్ళినవాళ్ళలో కొందరు జవాబుతో తిరిగొచ్చేవారు, కొందరు ఇంకో ప్రశ్నతో.

ఆయన శిష్యురాలు హైమ కొత్త లెన్సు కొనుక్కుంది. దాని మీద ఎక్కడ గీత పడుతుందోనని ఒకటే బెంగ. ఫిల్టరు, అంటే లెన్సు ముందు బిగించే రక్షణ అద్దం, కొట్టువాడు ఇచ్చిందే బిగించుకుని తిరిగేది. అది చవకరకం అన్నారొకరు. అసలు అద్దమే వద్దన్నారింకొకరు. తేల్చుకోలేక మాస్టారినే అడిగింది.

"ఏ అద్దం మంచిది మాస్టారూ?"

"రేపు తిరునాళ్ళలో బండలాగుడు పందెం ఉంది. రా అమ్మాయ్" అన్నారాయన.

ఆ బరిలో అంతవరకూ ఆడమనిషి ఎడ్లను తోలింది లేదు. మర్నాడు సాయంత్రం కోటేశ్వరమ్మ తోలబోతోంది. దూడలప్పటినుంచి తన చేత్తో మేపుకున్న గిత్తలవి. పెద్దలు మొదట కాదన్నారు. "అవి నా గొంతు తప్ప ఇంకెవరి గొంతూ వినవు. ఆపితే వాటిని ఆపండి, నన్ను కాదు" అని ఆవిడ బరిలోనే నిలబడిపోయింది. చివరికి ఒప్పుకోక తప్పలేదు.

హైమ బరి చుట్టూ కట్టిన తాడు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మాస్టారు ఆమె పక్కనే కూర్చున్నారు. బండ కదిలింది. ఎదురుగా పొద్దు వాలుతోంది. కెమెరాలోంచి చూసిన హైమ గతుక్కుమంది. ఆకాశంలో ఉన్న సూర్యుడు చాలనట్టు, కోటేశ్వరమ్మ ముఖం మీద ఇంకో ఆకుపచ్చటి సూర్యుడు తేలుతున్నాడు. ఆ చవక అద్దంలో వెలుతురు తిరగబడి వేస్తున్న మచ్చ అది. హైమ ఎటు జరిగినా ముఖాన్ని వదలలేదు.

అద్దం తీస్తే గిట్టల కింది గులకరాళ్ళు నేరుగా లెన్సుకు తగులుతాయి. తీయకపోతే ఆ ముఖం దక్కదు. గిత్తలు బరి చివరిదాకా వెళ్ళి మళ్ళాయి. ఇక వెనక్కి రావడమొక్కటే మిగిలింది.

"తీసేస్తున్నాను మాస్టారూ!"

ఆయన ఇంకాస్త దగ్గరికి జరిగారు. హైమ అద్దం విప్పి ఒళ్ళో పడేసుకుంది. నేల అదురుతుండగా గిత్తలు మీదికొచ్చాయి. వాటి పక్కనే కోటేశ్వరమ్మ, చెర్నాకోల చంకలో ఇరికించుకుని, పేర్లు పెట్టి పిలుస్తూ పరిగెడుతోంది. రాళ్ళు లేచాయి. హైమ కెమెరా నుంచి కన్ను తీయలేదు.

పందెంలో కోటేశ్వరమ్మకు రెండో స్థానం వచ్చింది. జనం మాత్రం మొదటి స్థానం వాళ్ళను వదిలేసి ఆవిడ చుట్టూ మూగారు. హైమ చూపించిన ఫోటోలో తనను తాను చూసుకుని ఆవిడ నోరారా నవ్వింది.

"ఓసి నీ దుంపతెగ! గిత్తలకన్నా నాకే పొగరు ఎక్కువగా ఉందే! పెద్దది చేసి పటం కట్టించమ్మా. వీధిలోకి కనబడేట్టు తగిలిస్తాను. కాదన్నవాళ్ళంతా ఆ దారినేగా పోవాలి!"

ఆవిడ వెళ్ళాక హైమ గుండె చిక్కబట్టుకుని లెన్సు తుడిచింది. దుమ్మే తప్ప ఒక్క గీతా లేదు. ఆశ్చర్యపోతూ తలెత్తితే మాస్టారి కుడిచెయ్యి కనబడింది. వెనకవైపు చర్మం అక్కడక్కడా లేచి నెత్తురు చిమ్ముతోంది. గిత్తలు దాటిపోయేదాకా ఆయన ఆ చేతిని లెన్సు పక్కనే, ఫోటోలో పడనంత దూరంలో అడ్డుపెట్టి ఉంచారు.

హైమ గబగబా రుమాలు తీసి ఆ చేతికి కట్టింది. కట్టాక మెల్లగా అడిగింది.

"కొట్టుకు వెళ్ళి ఏ అద్దం ఇమ్మనను మాస్టారూ?"

మాస్టారు ఆ ఫోటోను మరోసారి చూశారు. ఎంత దాచుకుందామనుకున్నా ఆయన ముఖం విప్పారింది.

"తీస్తున్నంతసేపూ నా చెయ్యి నీకు కనబడిందా?"

"లేదు మాస్టారూ."

"అలాంటిది ఇమ్మను."